పాత కారుకు గీతలు, వెలిసిన రంగు: తరచుగా అడిగే ప్రశ్నలు

కారుకి పదేళ్లు దాటగానే చుట్టుపక్కల వాళ్ల నుంచి వచ్చే సలహాలు రెండే. "ఫుల్ పెయింట్ కొట్టించెయ్" అంటారు, లేదంటే "ఇంకా ఎందుకు, అమ్మెయ్" అంటారు. నన్నడిగితే చాలా కార్లకు ఆ రెండూ అక్కర్లేదు. ఫ్యాక్టరీలో వేసిన పెయింట్, అంటే మనవాళ్లు కంపెనీ పెయింట్ అనేది, బయట ఏ షాపులో వేసిన పెయింట్ కన్నా గట్టిది. అది ఎంత మిగిలితే అంత కాపాడుకోవాలి. కింద జవాబులన్నీ ఈ లెక్కలోనే రాశాను.

గీత పాలిష్‌తో పోతుందా, పెయింట్ వేయించాలా? ఎలా తెలుస్తుంది?

ముందు ఆ చోటు కడిగి, ఆరాక గీత మీద కొంచెం నీళ్లు రాయండి. తడిగా ఉన్నంతసేపు గీత మాయమై, ఆరగానే మళ్లీ కనిపిస్తే అది రంగు మీదుండే పారదర్శక పొర, అంటే క్లియర్ కోట్‌లో మాత్రమే ఉన్నట్టు. మన షాపుల్లో దాన్నే లాకర్ అంటారు. ఇలాంటిది కాంపౌండ్‌తో, అంటే కాస్త గరుకుండే పాలిష్ పేస్టుతో పోతుంది, లేదా పోయినంత పనవుతుంది. తడిపినా కనిపిస్తుంటే గోరు అడ్డంగా లాగి చూడండి. గోరు తట్టుకుంటే గీత లోతుగా ఉంది, పాలిష్‌తో పోదు. అక్కడ బూడిద రంగు కనిపిస్తే ప్రైమర్, అంటే రంగు కింద వేసే పూత దాకా వెళ్లింది. మెరిసే ఇనుము కానీ తుప్పు రంగు కానీ కనిపిస్తే అది అందం సమస్య కాదు, ఆ వారంలోనే పట్టించుకోవాల్సిన పని.

ఇంకో సంగతి. చాలాసార్లు గీత అనుకున్నది గీతే కాదు, పక్క బండి బంపర్ రంగు మన డోర్‌కి అంటుకుని ఉంటుంది. గుడ్డ మీద కొంచెం థిన్నర్ గానీ పెట్రోల్ గానీ తీసుకుని, ముందు కనపడని మూల టెస్ట్ చేసుకుని, మెల్లగా ఒకట్రెండుసార్లు తుడిస్తే వచ్చేస్తుంది. గట్టిగా రుద్దకూడదు. షాపులో ఒకసారి రీపెయింట్ చేసిన ప్యానెల్ మీద థిన్నర్ అసలు వాడొద్దు, కింద రంగు కూడా కరిగి వచ్చేస్తుంది.

పెయింట్ ఎంత మందం ఉంటుంది? రుద్దితే అరిగిపోతుందా?

అరిగిపోతుంది. దీన్ని ఎవరూ సీరియస్‌గా తీసుకోరు. అడుగున తుప్పు పట్టకుండా ఉండే కోటింగ్, దాని మీద ప్రైమర్, ఆపైన రంగు, అన్నిటికన్నా పైన క్లియర్ కోట్. ఇవన్నీ కలిపితే చాలా కార్లలో 100 నుంచి 150 మైక్రాన్లు. అందులో క్లియర్ కోట్ వాటా 35 నుంచి 50 దాకా. తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు, దాన్నిబట్టి మీరే ఊహించుకోండి. గట్టి కాంపౌండ్‌తో మెషిన్ పెట్టి రుద్దిన ప్రతిసారీ అందులో కొంత పోతుంది, వాటర్ పేపర్, అంటే నీళ్లలో తడిపి వాడే గరుకు కాగితం పెడితే ఇంకా ఎక్కువ పోతుంది. అందుకే ప్రతి సర్వీసింగ్‌కీ "రబ్బింగ్ పాలిషింగ్ చేయమంటారా సార్" అని అడిగితే వద్దనండి. పాత కారుకి రబ్బింగ్ అవసరమైనప్పుడు ఒకసారి చేయించి, తర్వాత వ్యాక్స్‌తో నెట్టుకురావాలి.

మా ఎర్ర మారుతీ 800 గులాబీ రంగులోకి వచ్చేసింది, చేత్తో తుడిస్తే పొడి అంటుతోంది. ఏం చేయాలి?

ఇది మంచి కేసు, నమ్మండి. 800, ఓమ్నీ, మొదట్లో వచ్చిన ఆల్టోల్లో తెలుపు, ఎరుపు లాంటి సాదా రంగులు చాలావరకు సింగిల్ స్టేజ్ పెయింట్. అంటే పైన లాకర్ ఉండదు, రంగే పైపొర. ఎండలోని అతినీలలోహిత కిరణాలు పెయింట్‌లోని జిగురు పదార్థాన్ని విరగ్గొడతాయి, పట్టు వదిలిన పిగ్మెంట్ పొడిగా పైకి తేలుతుంది. ఎరుపు అన్నిటికన్నా ముందు వెలుస్తుంది. కానీ ఆ చచ్చిన పొర కింద అసలు రంగు ఇంకా ఉంటుంది.

మీది సింగిల్ స్టేజేనా అని తేల్చుకోవడానికి ఒక మూల కొంచెం పాలిష్ వేసి గుడ్డతో రుద్దండి. గుడ్డకి కారు రంగు అంటితే సింగిల్ స్టేజ్. తెల్ల కారైతే నల్ల గుడ్డ వాడండి, లేకపోతే కనిపించదు.

ఇక పని మొదలుపెట్టేముందు ఒక మాట. ఇంత ఎండిపోయిన పెయింట్ మీద నేరుగా కాంపౌండ్ పెట్టొద్దు. నూనె ఎక్కువుండే మెత్తటి పాలిష్, అంటే గరుకుదనం లేని గ్లేజ్ రకం, మందంగా పట్టించి రాత్రంతా వదిలేయండి. పెయింట్ దాన్ని పీల్చుకుంటుంది. పొద్దున తుడిచి, మళ్లీ ఒకసారి పట్టించి, ఆ తర్వాత మీడియం పాలిష్‌తో చేత్తోనే రుద్దితే గుడ్డ ఎర్రగా అవుతూ ఉంటుంది, కింద నుంచి ముదురు రంగు బయటపడుతుంది. బానెట్ మీద మధ్యలో టేప్ అంటించి ఒక సగమే చేసి చూడండి. రెండు సగాల మధ్య తేడా చూశాక ఇక ఫుల్ పెయింట్ మాట ఎవరూ ఎత్తరు. చివర్లో వ్యాక్స్ తప్పనిసరి. వ్యాక్స్ లేకపోతే కొన్ని నెలల్లోనే మళ్లీ పొడి మొదలవుతుంది.

టాప్ మీద, బానెట్ మీద తెల్లగా పొలుసులు లేస్తున్నాయి. పాలిష్‌తో పోతుందా?

పోదు. అది లాకర్ ఊడటం. ఎంత రుద్దినా అంచులు ఇంకా లేస్తాయే తప్ప అతుక్కోవు. ఆ ప్యానెల్ వరకు లాకర్ మొత్తం వాటర్ పేపర్‌తో తీసి, బేస్ కలర్ కొట్టి, మళ్లీ లాకర్ వేయాలి. ఊడిన ముక్క వరకే లాకర్ స్ప్రే కొట్టి సర్దేస్తామని ఎవరన్నా చెప్తే ఒప్పుకోకండి, అంచు దగ్గర మళ్లీ లేస్తుంది. అలాగని టాప్, బానెట్ పోయాయని కారంతా పెయింట్ వేయించనక్కర్లేదు. ఎండ నేరుగా పడేది ఆ రెండింటి మీదే, డోర్లు చాలావరకు బాగానే ఉంటాయి.

ఇంట్లోనే చేసుకుందామంటే ఏ వరుసలో చేయాలి?

పొద్దున్నే, నీడలో. అరచేతి వెనక వైపుతో రేకు ముట్టుకుంటే చల్లగా ఉండాలి. మన ఏప్రిల్, మే ఎండల్లో పదింటి తర్వాత పట్టుకోవద్దు, కాంపౌండ్ రేకు మీదే ఎండిపోయి తుడిస్తే ఇంకొన్ని గీతలు పడతాయి.

మొదట కార్ షాంపూతో కడగండి. సర్ఫ్, విమ్ వద్దు, అవి ఉన్న వ్యాక్స్‌ని కూడా లాగేస్తాయి. ఆరాక చేతికి పల్చటి పాలిథిన్ కవర్ తొడుక్కుని బానెట్ మీద మెల్లగా జరపండి. ఉత్త చేతికి నున్నగా అనిపించిన చోటే కవర్‌తో జరిపితే గరగరలాడుతుంది. అది పెయింట్‌లో గుచ్చుకున్న దుమ్ము, బ్రేకుల ఇనుప రజను, పక్కింట్లో వెల్డింగ్ జరిగితే దాని నిప్పురవ్వలు. దాన్ని క్లే బార్‌తో, అంటే దీనికోసమే అమ్మే బంకమట్టి లాంటి ముద్దతో తీయాలి. షాంపూ నీళ్లు చల్లుతూ క్లేని పైపైన జరపాలి, నొక్కకూడదు. క్లే కిందపడితే ఇసుక అంటుకుంటుంది, ఆ ముక్కని ఇక వాడొద్దు. ఈ పని చేయకుండా రుద్దడం మొదలుపెడితే ఆ రజనే పెయింట్‌ని గీరుతుంది.

తర్వాత అన్నిటికన్నా మెత్తటి పాలిష్‌తో ఒక అడుగు చదరం మేర ప్రయత్నించండి. దానితో సరిపోతే ఆగిపోండి. సరిపోకపోతేనే మీడియం, ఆపైనే రబ్బింగ్ కాంపౌండ్. షాపుల్లో దీనికి ఉల్టా చేస్తారు, త్వరగా అవుతుందని నేరుగా గట్టి కాంపౌండ్‌తో మొదలుపెడతారు. వాటర్ పేపర్ 2000, 2500, 3000 నంబర్లు గోరుకి కొద్దిగా తగిలే ఒంటరి గీతకే, అదీ పేపర్‌ని నీళ్లలో బాగా నానబెట్టాక. కారంతా వాటర్ పేపర్ పెట్టడం పాత కారు విషయంలో నేను అస్సలు ఒప్పుకోను.

బాడీ లైన్లు, డోర్ అంచులు, బానెట్ మడతలు, ఇక్కడ పెయింట్ పల్చగా ఉంటుంది. పాలిష్ పెట్టేముందు వాటి మీద మాస్కింగ్ టేప్ వేయండి.

పాలిషింగ్ మెషిన్ కొనాలా?

గీతలు రెండు మూడైతే చెయ్యి చాలు. కారంతా చేయాలంటే డ్యూయల్ యాక్షన్ మెషిన్, అంటే తిరుగుతూ కదిలే రకం, కొత్తవాళ్ల చేతిలో కూడా పెద్దగా నష్టం చేయదు. ఒకే దిక్కున తిరిగే రోటరీ వేరు. ఒకేచోట కొన్ని క్షణాలు ఎక్కువ ఆపితే పెయింట్ కాలుతుంది. యాంగిల్ గ్రైండర్‌కి స్పాంజ్ ప్యాడ్ తగిలించి పాలిష్ చేసే వీడియోలు తిరుగుతున్నాయి, దయచేసి వద్దు. దాని స్పీడ్ పెయింట్‌కి పనికిరాదు.

టూత్‌పేస్ట్, కొబ్బరినూనె, కిరోసిన్ పనిచేస్తాయా?

టూత్‌పేస్ట్‌లో కొంచెం గరుకు ఉంటుంది కాబట్టి చిన్న గీత కాస్త తగ్గినట్టుంటుంది, కానీ ఆ చోటు మసకబారుతుంది. కొబ్బరినూనె, కిరోసిన్ గీతలో నిండి ఆ పూటకి మెరుపు చూపిస్తాయి, మర్నాటికి రోడ్డు మీది దుమ్మంతా దానికే. కొన్ని వాటర్ సర్వీసింగ్ సెంటర్లలో కడిగాక బాడీ మీద డీజిల్ స్ప్రే కొడతారు, అదీ ఇంతే. పైగా డోర్ రబ్బర్లు ఉబ్బుతాయి. ముందే వద్దని చెప్పండి.

ఇనుము కనిపించేంత గీత. షాపుకి వెళ్లకుండా టచప్ చేసుకోవచ్చా?

వేలెడంత గీత, రాయి తగిలి లేచిన చుక్క లాంటివైతే హాయిగా చేసుకోవచ్చు. ఓపిక కావాలి, అంతే.

పెన్సిల్ వెనక రబ్బరుకి 600 నంబర్ వాటర్ పేపర్ చిన్న ముక్క అంటించి, తుప్పున్న చోట మాత్రమే గుండ్రంగా తిప్పుతూ మెరిసే ఇనుము కనిపించేదాకా తీయండి. తుప్పు మీద పెయింట్ వేస్తే లోపల్లోపల పాకుతుంది, కొన్ని నెలలకి పొక్కులా లేస్తుంది. గుంటల్లో మిగిలిన తుప్పుకి రస్ట్ కన్వర్టర్ చుక్క పెడితే నల్లగా మారి ఆగుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, మళ్లీ వేలు పెట్టకుండా ప్రైమర్ చుక్క. ఆరాక రంగు. టచప్ సీసాకి ఉండే బ్రష్ లావుగా ఉంటుంది, దాంతో వేస్తే గీత కన్నా టచపే ఎక్కువ కనిపిస్తుంది. అగ్గిపుల్ల చివర సన్నగా చెక్కి, దాంతో రంగుని గీత లోపలికి మాత్రమే పారించండి. పల్చగా ఒక పూత, పావుగంట, ఇరవై నిమిషాలు ఆరాక ఇంకోటి. చుట్టూ ఉన్న పెయింట్ కన్నా వెంట్రుకవాసి ఎత్తు వచ్చేదాకా. మెటాలిక్ రంగైతే చివర లాకర్ చుక్క కూడా కావాలి, సిల్వర్ దాని మీద లాకర్ లేకుండా నిలవదు.

ఇక ఒక వారం ముట్టుకోవద్దు. ఆ తర్వాత 2000 వాటర్ పేపర్‌తో ఆ ఎత్తు వరకే సమం చేసి, మెత్తటి పాలిష్ పెట్టండి. దగ్గరికి వచ్చి వెతికితే కనిపిస్తుంది. నాలుగడుగుల దూరం నుంచి కనిపించదు, తుప్పు ఆగుతుంది, అది చాలు.

వానాకాలంలో ఈ పని పెట్టుకోకండి. గాలిలో తేమ ఎక్కువుంటే పెయింట్ ఆరేటప్పుడు తెల్లగా మబ్బు కమ్ముతుంది. తప్పనిసరైతే ఇనుము మీద ప్రైమర్ వరకు వేసి, రంగు పని ఎండ వచ్చేదాకా ఆపండి.

కలర్ కోడ్ ఎక్కడుంటుంది?

బండిని బట్టి ఇంజిన్ గదిలో ఉండే ప్లేట్ మీద గానీ, డ్రైవర్ డోర్ తీస్తే కనిపించే పిల్లర్ మీద స్టిక్కర్‌లో గానీ. మారుతీలో 26యూ అంటే సుపీరియర్ వైట్, జెడ్2ఎస్ అంటే సిల్కీ సిల్వర్. "తెలుపు" అని అడిగితే ఇరవై తెలుపులున్నాయి, కోడ్ చెప్పి అడగండి. విజయవాడ ఆటోనగర్, గాజువాక ఆటోనగర్ లాంటి చోట్ల పెయింట్ షాపుల్లో కోడ్ చూసి తూకం ప్రకారం కలిపి ఇస్తారు. వెలిసిపోయిన కారుకి కోడ్ ఒక్కటే సరిపోదు, ఎందుకంటే కోడ్ కొత్త కారు రంగు. పెట్రోల్ మూత ఊడదీసి షాపుకి తీసుకెళ్తే దానికి కలిపి ఇస్తారు. ముందు దాన్ని పాలిష్ చేశాక తీసుకెళ్లండి.

సిల్వర్ కారుకి ఒక్క డోర్ పెయింట్ వేయిస్తే వేరుగా కనిపిస్తోంది. మోసం చేశారా?

మోసమే అవ్వాలని లేదు. సిల్వర్‌లో సన్నని అల్యూమినియం రేకులుంటాయి, గన్ ప్రెషర్, దూరం, థిన్నర్ పాళ్లు మారితే అవి పడుకునే తీరు మారి, కోడ్ ఒకటే అయినా షేడ్ మారుతుంది. పనితనం తెలిసిన పెయింటర్ రంగుని డోర్ అంచు దగ్గర ఆపడు. పక్క ప్యానెల్ మీదకి క్రమంగా పల్చబరిచి, రెండిటి మీదా లాకర్ వేస్తాడు. దీన్ని బ్లెండింగ్ అంటారు. పని ఒప్పుకునేముందే బ్లెండ్ చేస్తారా అని అడగండి. బంపర్ తేడా వేరే సంగతి, అది ప్లాస్టిక్, కొత్త కార్లలో కూడా చిన్న తేడా ఉంటుంది.

టింకరింగ్, పెయింటింగ్ షాపులో ఏం అడగాలి?

మొట్టమొదట, ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) పెయింటా, పీయూ (పాలీయురేథేన్) పెయింటా అని. ఎన్‌సీ చవక, గాలికే ఆరుతుంది, త్వరగా మెరుపు పోతుంది. పీయూలో హార్డ్‌నర్ కలుపుతారు, గట్టిగా ఉంటుంది. తక్కువ రేటు చెప్పారంటే చాలాసార్లు అసలు తేడా ఇక్కడే ఉంటుంది. బూత్, అంటే దుమ్ము పడకుండా పెయింట్ వేసే మూసిన గది ఉందా, 60 డిగ్రీల దగ్గర బేక్ చేస్తారా అన్నది రెండోది. ఫ్యాక్టరీలో ఉత్త బాడీని 140 డిగ్రీల దగ్గర కాలుస్తారు, రబ్బర్లు, వైర్లు, సీట్లు ఉన్న కారుకి అది కుదరదు. కంపెనీ పెయింట్ ఎందుకు గట్టిదో ఇప్పుడు అర్థమై ఉంటుంది. లప్పం ఎంత పెడుతున్నారో పెయింట్ వేయకముందే వెళ్లి చూడండి, ఫొటో తీయమన్నా తీస్తారు. సొట్టని రేకు లాగి సరిచేయకుండా లప్పంతో నింపితే కొన్నాళ్లకి పగుళ్లు వస్తాయి. గుడ్డ చుట్టిన అయస్కాంతం పెడితే మందంగా లప్పం ఉన్న చోట పట్టదు.

పీయూ స్ప్రే ఇంట్లో మాత్రం కొట్టుకోవద్దు. హార్డ్‌నర్‌లో ఐసోసయనేట్లు ఉంటాయి, ఊపిరితిత్తులకు చేటు, ఆస్తమా తెప్పిస్తాయి. ముక్కుకి కర్చీఫ్ కట్టుకుంటే ఆగేది కాదు అది. షాపులో కుర్రాళ్లు మాస్క్ లేకుండా కొడుతుంటే ఆ ఓనర్‌కి ఒక మాట చెప్పండి.

సముద్రం దగ్గర ఉంటాం. ఏమైనా తేడానా?

చాలా. విశాఖ, కాకినాడ వైపు ఉప్పు గాలికి ఇనుము కనిపించిన గీత అట్టే ఆగదు. పోర్టు, ఫ్యాక్టరీల దగ్గరైతే ఇనుప రజను పడి తెల్ల కార్ల మీద నారింజ రంగు చుక్కలు వస్తాయి, వాటికి ఐరన్ రిమూవర్ ఉంటుంది. వీల్ ఆర్చ్ లోపల, డోర్ కింద నీళ్లు కారే రంధ్రాలు మంచినీళ్లతో కడుగుతూ ఉండండి.

పక్షి రెట్టలు, బోరు నీళ్ల మచ్చలు, పసుపు కుంకుమ మరకలు?

రెట్టని ఎండలో వదిలితే లాకర్‌లో గుంట పడుతుంది. తడిగుడ్డ పది నిమిషాలు దాని మీద పరిచి, నానాక పైకి ఎత్తి తీయండి, గీకొద్దు. బోరు నీళ్ల తెల్ల మచ్చలు కాల్షియం. తెల్ల వెనిగర్, నీళ్లు సమానంగా కలిపి తుడిచి వెంటనే కడిగితే కొత్తవి పోతాయి, పాతవి పాలిష్‌కే పోతాయి. దసరాకి ఆయుధ పూజ చేసి బానెట్ మీద పెట్టిన పసుపు గురించి కంగారొద్దు, కడిగాక మిగిలిన పచ్చదనం ఎండకి దానంతటదే వెలుస్తుంది. కుంకుమ అలా కాదు. వెలిసి పొడిబారిన పెయింట్ రంగుని పీల్చుకుంటుంది, కాబట్టి బొట్టు అద్దం మీద పెట్టండి, లేదా పండక్కి ముందే వ్యాక్స్ వేసి ఉంచండి.

ఇన్సూరెన్స్‌లో చేయించుకోవచ్చా?

థర్డ్ పార్టీ మాత్రమే ఉంటే రాదు. ఓన్ డ్యామేజ్, అంటే మన కారు నష్టానికి కవర్ ఉంటే యాక్సిడెంట్ గీతలకు వస్తుంది, ఎండకి వెలిసినదానికి రాదు. లెక్క వేసుకోండి. 1500 సీసీ లోపు కారుకి ₹1000 తప్పనిసరిగా మీరే కట్టాలి. జీరో డెప్, అంటే అరుగుదల పేరుతో కోత పెట్టని కవర్ లేకపోతే పెయింట్ సామాను ఖర్చులో సగం కోస్తారు, బిల్లు విడివిడిగా లేకపోతే మొత్తంలో 25 శాతాన్ని సామానుగా లెక్కిస్తారు. అన్నిటికన్నా ముఖ్యం నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయని ఏళ్లకి ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు. ఐదేళ్లు క్లెయిమ్ లేకుండా 50 శాతానికి చేరినవాళ్లు ఒక డోర్ గీత కోసం క్లెయిమ్ చేస్తే వచ్చే రెన్యువల్‌కి అది సున్నా. ఒకట్రెండు ప్యానెళ్లకు జేబులోంచి పెట్టుకోవడమే నయం.

ఎలాగూ పెయింట్ వేయిస్తున్నాం, రంగు మార్చేద్దామా?

ఆర్‌సీలో రంగు రాసి ఉంటుంది. మారిస్తే ఆర్‌టీఓ ఆఫీసులో ముందే అడిగి ఆర్‌సీలో ఎక్కించుకోవాలి. 15 ఏళ్లకి రెన్యువల్‌కి వెళ్లినప్పుడు ఆర్‌సీ ఒక రంగు, బండి ఒక రంగు అయితే టెన్షన్ మీకే. అదీకాక డోర్ లోపలి అంచులు, ఇంజిన్ గది పాత రంగులోనే ఉండిపోతాయి.

సిరామిక్ కోటింగ్ పాత కారుకి దండగా?

పెయింట్ బాగుంటే దండగ కాదు. కానీ అది గీతలు పోగొట్టదు, ఉన్నవాటిని అలాగే కప్పి ఉంచుతుంది. లాకర్ లేస్తున్న కారుకి మాత్రం అస్సలు వద్దు. మూడు నెలలకోసారి వ్యాక్స్ వేసే ఓపిక ఉంటే అదే చాలు.

పసుపుబారిన హెడ్‌లైట్లు, తెల్లబడిన నల్ల ప్లాస్టిక్?

హెడ్‌లైట్ పాలికార్బొనేట్. 800 నుంచి 3000 దాకా వరుసగా వాటర్ పేపర్, ఆపైన పాలిష్, చివర యూవీ లాకర్. ఆ చివరిది వదిలేస్తే కొన్ని నెలల్లో మళ్లీ పసుపే. నల్ల ప్లాస్టిక్‌కి ట్రిమ్ రెస్టోరర్ దొరుకుతుంది. పాలిష్ చేసేటప్పుడు ప్లాస్టిక్ మీద టేప్ వేయడం మర్చిపోవద్దు, తెల్ల కాంపౌండ్ దాని గరుకులోకి పోతే ఓ పట్టాన రాదు.

బాడీ కవర్ వేస్తే మంచిదేనా?

కడిగి, ఆరిన కారు మీద, గాలి గట్టిగా వీచని చోట వేస్తే మంచిదే. దుమ్ముతో ఉన్న కారు మీద వేసి, గాలికి అది రెపరెపలాడుతుంటే రోజంతా పెయింట్‌ని రాస్తూనే ఉంటుంది. ప్రతి పొద్దున పొడి గుడ్డతో దులపడం కూడా అంతే నష్టం. ఎండలో పెయింట్ మీద కనిపించే గుండ్రని సన్న గీతలు చాలావరకు అలా వచ్చినవే. దుమ్ముంటే ఉండనివ్వండి, నీళ్లు పోసే వీలున్న రోజే తుడవండి.

అమ్మేముందు పెయింట్ వేయిస్తే రేటు ఎక్కువ వస్తుందా?

చాలాసార్లు తగ్గుతుంది. కొనేవాళ్లు ఇప్పుడు మందం కొలిచే మీటర్ తెస్తున్నారు, కంపెనీ పెయింట్ 150 మైక్రాన్ల లోపు చూపిస్తే, రీపెయింట్ 200 దాటుతుంది, లప్పం ఉంటే 500 పైన. కారంతా కొత్తగా మెరుస్తుంటే యాక్సిడెంట్ బండేమోనని అనుమానిస్తారు. కడిగి, క్లే పెట్టి, పాలిష్ చేసి, మిగిలిన గీతలతోనే చూపించండి. ఏ ప్యానెల్‌కి ఎప్పుడు పెయింట్ వేయించారో ఉంటే ఆ బిల్లు కూడా చేతికివ్వండి.